ఎక్స్‌క్లూజన్ పెట్టే ముందు ఆ ఫోల్డర్‌లో ఎవరెవరు రాయగలరో చూడండి

ఎండ్‌పాయింట్ సెక్యూరిటీ, అంటే కంపెనీ కంప్యూటర్లు, సర్వర్ల భద్రత చూసేవాళ్ళకి ఈ టికెట్ బాగా తెలుసు. ఫలానా అప్లికేషన్ స్లోగా నడుస్తోంది, వెండర్ సపోర్ట్‌ని అడిగితే వాళ్ళ ఇన్‌స్టాల్ ఫోల్డర్ మొత్తం యాంటీవైరస్ నుంచి ఎక్స్‌క్లూడ్ చేయమన్నారు, అంటే స్కాన్ చేయకుండా వదిలేయమన్నారు, ప్రొడక్షన్ ఇష్యూ, ఇవాళే చేసిపెట్టండి అని. కింద వెండర్ పంపిన డాక్యుమెంట్ ఉంటుంది, అందులో ఆరేడు పాత్‌లు, వాటి చివర స్టార్ గుర్తులు. కన్సోల్ ఓపెన్ చేసి ఆ పాత్‌లు పేస్ట్ చేసి సేవ్ కొట్టడం రెండు నిమిషాల పని, టికెట్ క్లోజ్ అయిపోతుంది, అందరూ హ్యాపీ. కానీ ఆ లైన్ మాత్రం అక్కడ ఏళ్ళ తరబడి ఉండిపోతుంది, పెట్టినాయన కంపెనీ మారిపోయినా ఉంటుంది, ఆ అప్లికేషన్‌నే తీసేసినా ఉంటుంది. ఈ విషయంలో నాకు పట్టింపు కొంచెం ఎక్కువే, అందుకే వివరంగా రాస్తున్నా.

ముందే చెప్పేస్తా, ఎక్స్‌క్లూజన్లు వద్దే వద్దు అనే మనిషిని కాదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ తన డేటాబేస్ ఫైల్‌ని తెరిచే టైమ్‌కి యాంటీవైరస్ ఆ ఫైల్‌ని పట్టుకుని కూర్చుంటే డేటాబేస్ సస్పెక్ట్ స్టేట్‌లోకి, అంటే తెరుచుకోని స్థితిలోకి వెళ్ళిపోవచ్చు, అందుకే డేటా ఫైళ్ళు, లాగ్ ఫైళ్ళు వదిలేయమని మైక్రోసాఫ్టే చెప్తుంది. కంపెనీ లాగిన్లన్నీ చూసే డొమైన్ కంట్రోలర్ సర్వర్ మీద యాక్టివ్ డైరెక్టరీ డేటాబేస్ కూడా అంతే. విండోస్ సర్వర్ 2016 నుంచి అయితే సర్వర్‌కి ఏ రోల్ ఇచ్చారో చూసుకుని విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండరే వీటిలో కొన్ని ఎక్స్‌క్లూజన్లు తనంతట తానే పెట్టుకుంటుంది. అవి అర్థమున్నవి. నా బాధంతా "ఇది మా నమ్మకమైన సాఫ్ట్‌వేర్ ఫోల్డర్, దీన్ని వదిలేయండి" అనే టైపు వాటి గురించి. ఎందుకంటే మనం నమ్మేది సాఫ్ట్‌వేర్‌ని, కానీ కన్సోల్‌లో రాసేది ఫోల్డర్ పేరు, రేపు ఆ ఫోల్డర్‌లోకి ఎవరు ఏ ఫైల్ తెచ్చి పెట్టినా అదే నమ్మకం దానికీ దొరుకుతుంది.

అసలు స్లో ఎందుకవుతుందో తెలిస్తే సగం టికెట్లు ఎక్స్‌క్లూజన్ లేకుండానే తేలిపోతాయి. విండోస్‌లో ఏ ప్రోగ్రామ్ ఫైల్ తెరిచినా ఆ రిక్వెస్ట్ డిస్క్ దాకా నేరుగా పోదు, మధ్యలో ఫిల్టర్ డ్రైవర్లు వరసగా పేర్చి ఉంటాయి, ప్రతిదానికీ ఆ వరసలో దాని చోటు చెప్పే ఆల్టిట్యూడ్ అని ఒక నెంబర్ ఉంటుంది. యాంటీవైరస్ డ్రైవర్లకి 320000 నుంచి 329998 దాకా కేటాయించారు, డిఫెండర్ వాళ్ళ డ్రైవర్‌ది 328010. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎఫ్ఎల్‌టీఎంసీ అని కొడితే మీ మెషీన్ మీద ఏమేం కూర్చున్నాయో మొత్తం లిస్ట్ వస్తుంది, ఒకసారి కొట్టి చూడండి, పాత యాంటీవైరస్ తాలూకు డ్రైవర్ ఇంకా అక్కడే ఉండి రెండు ఇంజిన్లు ఒకే ఫైల్‌ని చూస్తున్న కేసులు కూడా బయటపడతాయి. ఫైల్ తెరవగానే ఈ డ్రైవర్ ఆపి, ఇంజిన్‌కి చూపించి, ఓకే అంటేనే వదులుతుంది. ఒకసారి చూసిన ఫైల్ మారకపోతే ఆ రిజల్ట్ క్యాష్‌లో ఉంటుంది కాబట్టి రెండోసారి పెద్ద ఖర్చు ఉండదు. మరి ఎక్కడ దెబ్బ పడుతుందంటే ఎప్పటికప్పుడు కొత్త ఫైళ్ళు పుట్టే చోట, అంటే కోడ్ బిల్డ్‌లు, ప్యాకేజ్ ఇన్‌స్టాల్‌లు, వేలకొద్దీ చిన్న చిన్న ఫైళ్ళు, మధ్యమధ్యలో విప్పి చూడాల్సిన జిప్‌లు, జార్‌లు. ఇవేవీ లేని అప్లికేషన్ స్లోగా ఉందంటే దానికి కారణం యాంటీవైరస్ కాకపోయే ఛాన్సే ఎక్కువ, నెట్‌వర్కో డేటాబేస్ క్వెరీయో ఇంకోటో అయ్యుంటుంది.

కాబట్టి మొదట కొలవాలి. డిఫెండర్‌లో దీనికి పెర్ఫార్మెన్స్ ఎనలైజర్ అని ఉంది, పవర్‌షెల్‌లో న్యూ-ఎంపీపెర్ఫార్మెన్స్‌రికార్డింగ్ అనే కమాండ్‌తో రికార్డింగ్ మొదలుపెట్టి, ఆ స్లోగా ఉన్న పని ఏదో అది మామూలుగా చేయించి, ఆపేసి, గెట్-ఎంపీపెర్ఫార్మెన్స్‌రిపోర్ట్‌తో చూస్తే ఏ ఫైళ్ళ మీద, ఏ ఎక్స్‌టెన్షన్ల మీద, ఏ ప్రాసెస్ వల్ల ఎంత స్కాన్ టైమ్ పోయిందో పైనుంచి కిందకి వరసగా చూపిస్తుంది. లైనక్స్ మీద డిఫెండర్ కమాండ్ అయిన ఎండీఏటీపీ డయాగ్నస్టిక్స్‌లో రియల్ టైమ్ ప్రొటెక్షన్ స్టాటిస్టిక్స్ అని ఇలాంటిదే ఉంది, ఏ ప్రాసెస్ వల్ల ఎన్ని ఫైళ్ళు స్కాన్ అయ్యాయో చెప్తుంది. ఈ రిపోర్ట్ చేతిలో ఉంటే మాట తీరే మారిపోతుంది. వెండర్ ఫోల్డర్ మొత్తం వదిలేయమన్న చోట తీరా చూస్తే టైమ్ తినేది ఒకే ఒక్క లాగ్ ఫైలో, ఒక క్యాష్ సబ్‌ఫోల్డరో ఉంటుంది, ప్రోగ్రామ్ ఫైళ్ళు ఉన్న బిన్ ఫోల్డర్ జోలికే వెళ్ళక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఒక పాత్‌ని ఎక్స్‌క్లూడ్ చేయమని అడిగినప్పుడు నేను మొదట అడిగేది ఆ సాఫ్ట్‌వేర్ ఎవరిది అని కాదు, ఆ ఫోల్డర్‌లో ఫైల్ రాసే పర్మిషన్ ఎవరెవరికి ఉంది అని. ఐక్యాకల్స్ అని టైప్ చేసి పక్కన పాత్ ఇస్తే చాలు, కనిపిస్తుంది. ప్రోగ్రామ్ ఫైల్స్ కింద ఉన్న ఫోల్డర్ అయితే మామూలుగా అడ్మిన్‌లే రాయగలరు, యూజర్లకి చదివి రన్ చేసే పర్మిషనే ఉంటుంది, ఇది కొంత నయం. కానీ చాలా పాత అప్లికేషన్లు నేరుగా సీ డ్రైవ్ రూట్‌లో తమ పేరుతో ఒక ఫోల్డర్ చేసుకుని అందులో దిగిపోతాయి. మామూలు విండోస్ ఇన్‌స్టాల్‌లో సీ రూట్ కింద కొత్తగా ఫోల్డర్ పుడితే దానికి వారసత్వంగా వచ్చే పర్మిషన్ ఏంటో తెలుసా, ఆథెంటికేటెడ్ యూజర్స్‌కి మాడిఫై. అంటే ఆ మెషీన్‌లో లాగిన్ అయిన ఎవరైనా సరే, అడ్మిన్ కాకపోయినా, అందులో ఫైల్ పెట్టొచ్చు, ఉన్న ఫైల్‌ని మార్చొచ్చు. ఇన్‌స్టాలర్ తనంతట తాను ఆ పర్మిషన్లు బిగిస్తే సరే, చాలా ఇన్‌స్టాలర్లు ఆ పని చేయవు. ప్రోగ్రామ్ డేటా కింద కూడా మామూలు యూజర్లు కొత్త ఫైళ్ళు పెట్టగలరు, డిఫాల్ట్ అదే. అలాంటి ఫోల్డర్‌కి ఎక్స్‌క్లూజన్ ఇచ్చామంటే మెయిల్ అటాచ్‌మెంట్ నొక్కిన యూజర్ పర్మిషన్లతో లోపలికొచ్చిన మాల్వేర్‌కి ఎవరూ చూడని గది మనమే కట్టించి ఇచ్చినట్టు.

ఇంకా దారుణం, అందులో ఉండే ఎగ్జిక్యూటబుల్ ఒక సర్వీస్‌గా, అడ్మిన్‌ని మించిన అధికారాలుండే సిస్టమ్ అకౌంట్ కింద రన్ అవుతుంటే? అప్పుడు పక్కన ఒక డీఎల్ఎల్ (ప్రోగ్రామ్ లోడ్ చేసుకునే కోడ్ ఫైల్) పడేస్తే చాలు, సర్వీస్ రీస్టార్ట్ అయినప్పుడు అది లోడ్ అయ్యే ఛాన్స్ ఉంది, మామూలు యూజర్ నుంచి సిస్టమ్ దాకా పైకెక్కే దారి, పైగా స్కానర్ కళ్ళు మూసుకునుంటుంది. అందుకే నా రూల్ ఒకటే, మామూలు యూజర్ రాయగలిగే ఏ ఫోల్డర్‌కీ ఎక్స్‌క్లూజన్ ఇవ్వను, తప్పదంటే ముందు పర్మిషన్లు సరిచేయించి అప్పుడు మాట్లాడతా. టెంప్, డౌన్‌లోడ్స్, డెస్క్‌టాప్, యూజర్స్ ఫోల్డర్ లాంటివైతే అడగనే అక్కర్లేదు, వీటిలో టెంప్, యూజర్స్ ఫోల్డర్లు మైక్రోసాఫ్ట్ డాక్యుమెంటేషన్‌లోనే చేయకూడని తప్పుల లిస్ట్‌లో ఉన్నాయి.

ఇది పుస్తకాల్లో భయం కాదు, జరిగినవే. 2020 డిసెంబర్‌లో బయటపడ్డ సోలార్‌విండ్స్ సంగతి గుర్తుందా, వాళ్ళ నెట్‌వర్క్ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ ఓరియన్ అప్‌డేట్‌లోనే దాడి చేసేవాళ్ళు బ్యాక్‌డోర్ (దొంగదారి) పెట్టారు, దాదాపు 18,000 మంది కస్టమర్ల దాకా ఆ అప్‌డేట్ వెళ్ళింది, ఆ డీఎల్ఎల్‌కి కంపెనీ డిజిటల్ సంతకం కూడా సరిగ్గానే ఉంది. ఓరియన్ సరిగ్గా పనిచేయాలంటే దాని ఫోల్డర్లని యాంటీవైరస్ నుంచి తప్పించమని వాళ్ళ సపోర్ట్ పేజీలో సలహా ఉండేది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, ఇక్కడ ఈశ్వరుణ్ణి కూడా ఆ గది వైపు చూడొద్దని మనమే చెప్పాం. ఆ బ్యాక్‌డోర్ లోపలికొచ్చాక దాదాపు రెండు వారాలు ఏమీ చేయకుండా పడుకుని, లేచాక ఆ మెషీన్ మీద ఏయే సెక్యూరిటీ టూల్స్ ఉన్నాయో చూసుకుని మరీ కదిలేది. ఎక్స్‌క్లూజన్ లేకపోతే యాంటీవైరస్ మొదట్లోనే పట్టేసేదని నేననను, సంతకం ఉన్న కొత్త కోడ్ అది, పట్టి ఉండకపోవచ్చు. కానీ విషయం బయటికొచ్చి, దాన్ని గుర్తుపట్టేలా యాంటీవైరస్‌కి సిగ్నేచర్ అప్‌డేట్ వచ్చిన తర్వాత కూడా ఆ ఫోల్డర్‌లో ఉన్న ఫైల్ మీద స్కానర్ చూపు పడదు, అసలు నష్టం అక్కడ.

2021 జులై 2న కసేయా వీఎస్ఏ అనే, కంప్యూటర్లని దూరం నుంచి మేనేజ్ చేసే సాఫ్ట్‌వేర్ మీద జరిగింది ఇంకా సూటిగా ఉంటుంది. ఆ ఏజెంట్ వాడుకునే కే-వర్కింగ్ అనే ఫోల్డర్‌ని ఎక్స్‌క్లూడ్ చేయమని వెండర్ డాక్యుమెంట్ చెప్పేది, రీవిల్ అనే ర్యాన్సమ్‌వేర్ ముఠా సరిగ్గా ఆ ఫోల్డర్‌లోకే ఏజెంట్ డాట్ సీఆర్‌టీ అనే ఫైల్‌ని దింపింది, సర్టిఫికెట్ ఫైల్‌లా కనిపించే దాన్ని విండోస్‌లోనే ఉండే సర్టిఫికెట్ల టూల్ సర్ట్‌యుటిల్ కాపీతో విప్పి ఎగ్జిక్యూటబుల్ చేసుకుంది, అది డిఫెండర్ తాలూకు పాత అసలు ప్రోగ్రామ్ ఒకటి, దాని పక్కన దొంగ డీఎల్ఎల్ ఒకటి పెట్టి, ఆ పాత ప్రోగ్రామ్ చేతే ర్యాన్సమ్‌వేర్‌ని రన్ చేయించింది. మేనేజ్డ్ సర్వీస్ ప్రొవైడర్ల (వేరే కంపెనీల ఐటీ పని చూసిపెట్టే సంస్థల) ద్వారా 1,500 దాకా వ్యాపారాలకి ఇది తగిలిందని ఆ కంపెనీయే అంచనా చెప్పింది. డిఫెండర్ రియల్ టైమ్ మానిటరింగ్‌ని ఆపే పవర్‌షెల్ కమాండ్ కూడా దాంట్లో ఉంది, అంటే ఒక్క ఎక్స్‌క్లూజనే కారణం అని కాదు, కానీ మొదటి అడుగు పెట్టడానికి చోటు మాత్రం అదే.

ఇక మూడోది నాకు బాగా నచ్చిన ఉదాహరణ, ఎందుకంటే ఇక్కడ వెండరే తన సలహాని వెనక్కి తీసుకున్నాడు. మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్ ఎక్స్‌చేంజ్‌కి పెట్టాల్సిన ఎక్స్‌క్లూజన్ల లిస్ట్ ఒకటి ఎప్పట్నుంచో ఉంది, అందులో వెబ్ సర్వర్ ఐఐఎస్ తాలూకు ఇనెట్‌సర్వ్ ఫోల్డర్, ఏఎస్‌పీ డాట్ నెట్ టెంపరరీ ఫైళ్ళ ఫోల్డర్, పవర్‌షెల్ ప్రాసెస్, వెబ్ సర్వర్ వర్కర్ ప్రాసెస్ కూడా ఉండేవి. 2021లో ఎక్స్‌చేంజ్ సర్వర్ల మీద వెబ్‌షెల్స్ (వెబ్ సర్వర్‌లో దాచే బ్యాక్‌డోర్ స్క్రిప్ట్‌లు) వానలా పడ్డాయి కదా, ఆ వెబ్‌షెల్స్ కంపైల్ అయ్యేది, బ్యాక్‌డోర్ మాడ్యూల్స్ కూర్చునేది సరిగ్గా ఇలాంటి చోట్లే. 2023 ఫిబ్రవరిలో ఎక్స్‌చేంజ్ టీమ్ ఈ నాలుగూ తీసేయండి, తీసేస్తే స్టెబిలిటీకి ఇప్పుడు ఇబ్బందేమీ లేదు, ఉంచితే బ్యాక్‌డోర్లు దొరక్కుండా పోవచ్చు అని ప్రకటించింది. మరి ఆ ప్రకటన చదివి తీసేసినవాళ్ళు ఎంతమంది? పెట్టేటప్పుడు వెండర్ డాక్యుమెంట్ చూస్తాం కానీ పెట్టిన తర్వాత ఆ డాక్యుమెంట్ మారిందేమో ఎవరం తిరిగి చూడం. ఎక్స్‌చేంజ్ సర్వర్ ఇంకా మీ దగ్గర ఉంటే ఈ పోస్ట్ మూసి ముందు అది చూసి రండి.

ప్రాసెస్ ఎక్స్‌క్లూజన్ గురించి కొంచెం చెప్పాలి, దీన్ని తప్పుగా అర్థం చేసుకునేవాళ్ళే ఎక్కువ. డిఫెండర్‌లో ఒక ప్రాసెస్‌ని ఎక్స్‌క్లూడ్ చేస్తే ఆ ప్రోగ్రామ్ ఫైల్ స్కాన్ అవ్వకుండా పోదు, ఆ ప్రోగ్రామ్ తెరిచే ఫైళ్ళు స్కాన్ అవ్వకుండా పోతాయి. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కి ఇది చక్కగా పనికొస్తుంది, ఎందుకంటే అది అన్ని ఫైళ్ళూ తెరుస్తుంది, అయినా ఫోల్డర్లన్నీ వదిలేయక్కర్లేదు. అదే జావానో పైథాన్‌నో పవర్‌షెల్‌నో ప్రాసెస్‌గా ఎక్స్‌క్లూడ్ చేశారంటే ఆ ఇంటర్‌ప్రెటర్‌తో రన్ అయ్యే ఏ స్క్రిప్ట్ ఏ ఫైల్‌ని ముట్టుకున్నా చూసేవాడుండడు. పైగా పూర్తి పాత్ ఇవ్వకుండా ఉత్త పేరు మాత్రమే రాస్తే, అదే పేరుతో ఏ ఫోల్డర్ నుంచి ఏ ప్రోగ్రామ్ రన్ అయినా వర్తిస్తుంది, పేరు మార్చుకోవడం ఎవడికైనా ఎంతసేపు పని.

ఈడీఆర్ టూల్స్, అంటే మెషీన్ మీద జరిగేదంతా రికార్డ్ చేసి అనుమానం వస్తే అలర్ట్ ఇచ్చేవాటి దగ్గరికొస్తే ఇంకో తేడా ఉంది. యాంటీవైరస్ స్కాన్ నుంచి తప్పించడం వేరు, అలర్ట్ రాకుండా చేయడం వేరు, అసలు ఆ పాత్‌లో జరిగేదేదీ రికార్డే అవ్వకుండా చేయడం వేరు. మైక్రోసాఫ్ట్ ఈడీఆర్ అయిన డిఫెండర్ ఫర్ ఎండ్‌పాయింట్‌లో యాంటీవైరస్ ఎక్స్‌క్లూజన్ పెట్టినా ఈడీఆర్ వైపు నుంచి ఆ ప్రాసెస్ ఏం చేస్తుందో గమనిస్తూనే ఉంటుంది, అలర్ట్ రావచ్చు కూడా. ఇంకో ఈడీఆర్ క్రౌడ్‌స్ట్రైక్‌లో మెషీన్ లెర్నింగ్ ఎక్స్‌క్లూజన్ పెడితే ఆ ఫైల్ మీద డిటెక్షన్ మాత్రమే ఆగుతుంది, అదే సెన్సర్ విజిబిలిటీ ఎక్స్‌క్లూజన్ పెడితే ఆ పాత్ నుంచి ఈవెంట్లే రావు. సెంటినల్‌వన్‌లో కూడా ఉత్త అలర్ట్ ఆపే మోడ్ నుంచి మానిటరింగ్‌నే తగ్గించేసే పెర్ఫార్మెన్స్ ఫోకస్ మోడ్ దాకా మెట్లు మెట్లుగా ఉంటాయి. రేపు ఏదైనా జరిగితే ఇన్సిడెంట్ రెస్పాన్స్ వాళ్ళు వచ్చి లాగ్స్ అడుగుతారు, ఆ ఫోల్డర్ దగ్గర మాత్రం ఏమీ ఉండదు, అలర్ట్ మిస్ అయితే తర్వాతైనా వెతుక్కోవచ్చు, డేటానే లేకపోతే వెతకడానికేం మిగల్లేదు. అందుకే ఎప్పుడూ కింది మెట్టు నుంచే మొదలుపెట్టాలి, ఫాల్స్ పాజిటివ్ (మంచి ఫైల్‌ని చెడ్డదనడం) ఒకటి వచ్చిందని విజిబిలిటీ మొత్తం తీసేయడం కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. ఫాల్స్ పాజిటివ్‌కి ఫైల్ హ్యాష్ (ఆ ఫైల్‌కి మాత్రమే ఉండే వేలిముద్ర లాంటి నెంబర్)‌తోనో, సంతకం చేసిన సర్టిఫికెట్‌తోనో అలౌ చేసే దారి ముందు చూడండి, హ్యాష్ అయితే వెర్షన్ మారినప్పుడల్లా మార్చాలి, చిరాకే, కానీ ఆ ఒక్క ఫైల్‌కి తప్ప ఇంకెవరికీ ఆ మినహాయింపు వర్తించదు.

పాత్ రాసేటప్పుడు చిన్న చిన్న విషయాలు కూడా ఇబ్బంది పెడతాయి. డిఫెండర్‌లో ఫోల్డర్ ఇస్తే కింద సబ్‌ఫోల్డర్లన్నీ కలిసిపోతాయి, పాత్ మధ్యలో స్టార్ పెడితే ఒక్క లెవెల్ ఫోల్డర్‌కే సరిపోతుంది. యాప్ డేటా లాంటి యూజర్ వేరియబుల్ రాస్తే డిఫెండర్ సర్వీస్ లోకల్ సిస్టమ్ అకౌంట్‌లో నడుస్తుంది కాబట్టి అది సిస్టమ్ ప్రొఫైల్ ఫోల్డర్‌కి పోతుంది, మీరనుకున్న యూజర్ ఫోల్డర్‌కి కాదు. అది పనిచేయట్లేదని చూసి ఈసారి యూజర్స్ కింద స్టార్ పెట్టి మొత్తం వదిలేస్తారు, అలా ఒకదాని మీద ఒకటి పెరిగిపోతాయి. ఎంపీసీఎండీ రన్‌లో చెక్ ఎక్స్‌క్లూజన్ అనే ఆప్షన్ ఉంది, పాత్ ఇస్తే అది ఎక్స్‌క్లూడ్ అయిందో లేదో చెప్తుంది. దాంతో పాటు యాంటీవైరస్‌ని పరీక్షించడానికే ఉన్న, హాని లేని 68 అక్షరాల ఐకార్ టెస్ట్ ఫైల్ ఒకటి ఎక్స్‌క్లూడ్ చేసిన ఫోల్డర్‌లో, ఇంకోటి దాని పక్క ఫోల్డర్‌లో పెట్టి చూస్తే మొదటిది అలాగే ఉండాలి, రెండోది పట్టుబడాలి, రెండూ మిగిలాయంటే మీరు రాసింది మీరనుకున్నదానికన్నా పెద్దది.

డెవలపర్ల గురించి ఒక్క మాట, వాళ్ళ బాధ నిజమైంది, బిల్డ్ నిజంగానే స్లో అవుతుంది. కానీ ఎవరో రాసిన ప్యాకేజ్‌లు ఇంటర్నెట్ నుంచి దిగేది కూడా సరిగ్గా ఆ ఫోల్డర్లలోకే, కాబట్టి సోర్స్ ఫోల్డర్ మొత్తం వదిలేయడానికి నాకు మనసొప్పదు. విండోస్ 11లో డెవ్ డ్రైవ్ అని వచ్చింది, రీఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్‌తో కనీసం 50 జీబీ వాల్యూమ్, దాన్ని ట్రస్టెడ్‌గా పెడితే డిఫెండర్ పెర్ఫార్మెన్స్ మోడ్‌లో నడుస్తుంది, అంటే ఫైల్ తెరిచినప్పుడు ఆపకుండా వదిలేసి స్కాన్‌ని కాసేపు తర్వాత చేస్తుంది. స్పీడూ వస్తుంది, స్కానూ అవుతుంది. అలాగే సర్వర్ల మీద కాంటెక్స్చువల్ ఎక్స్‌క్లూజన్లు వాడొచ్చు, ఈ పాత్‌ని, ఈ ప్రాసెస్ తెరిచినప్పుడు, ఆన్ యాక్సెస్ స్కాన్‌కి (ఫైల్ తెరిచినప్పుడు జరిగేదానికి) మాత్రమే వదిలేయి అని రాయొచ్చు, అప్పుడు రాత్రిపూట నడిచే షెడ్యూల్డ్ స్కాన్ ఆ ఫోల్డర్‌ని చూస్తూనే ఉంటుంది. ఇంత మంచి సదుపాయం ఉన్నా వాడేవాళ్ళు పెద్దగా కనిపించరు.

ఇక దాడి చేసేవాళ్ళ వైపు నుంచి చూస్తే, అడ్మిన్ దొరికిన వెంటనే యాడ్-ఎంపీప్రిఫరెన్స్‌తో తమ ఫోల్డర్‌కి తామే ఎక్స్‌క్లూజన్ పెట్టుకోవడం చాలా మాల్వేర్‌లు చేసే పని, సీ డ్రైవ్ మొత్తాన్నే పెట్టేసేవి కూడా ఉన్నాయి. దాడి పద్ధతులన్నీ నెంబర్లతో రాసిపెట్టిన మైటర్ అటాక్ లిస్ట్‌లో ఫైల్ పాత్ ఎక్స్‌క్లూజన్లకి విడిగా ఒక టెక్నిక్ నెంబరే ఉంది, టీ1564.012. కాబట్టి సెంట్రల్ పాలసీలో లోకల్ అడ్మిన్ మెర్జ్‌ని (మెషీన్ మీద పెట్టిన సెట్టింగ్‌లని పాలసీతో కలిపేయడాన్ని) ఆపేయండి, అప్పుడు మెషీన్ మీద ఎవరు ఏం యాడ్ చేసినా లెక్కలోకి రాదు. డిఫెండర్ సెట్టింగ్‌లని మార్చనివ్వని టాంపర్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు, ఎక్స్‌క్లూజన్లని అది కాపాడాలంటే విడిగా కొన్ని షరతులున్నాయి, అందులో ఈ మెర్జ్ ఆపడం కూడా ఒకటి. డిఫెండర్ ఆపరేషనల్ లాగ్‌లో ఈవెంట్ 5007 సెట్టింగ్ మారినప్పుడల్లా పడుతుంది, అందులో ఎక్స్‌క్లూజన్స్ రిజిస్ట్రీ పాత్ కనిపిస్తే అలర్ట్ రావాలి, ఇది లాగ్‌లన్నీ ఒకచోట చేర్చే ఏ సీమ్ టూల్‌లోనైనా పెద్ద కష్టపడకుండా రాసే రూల్. ఎక్స్‌క్లూజన్ లిస్ట్‌ని లోకల్ యూజర్లకి, లోకల్ అడ్మిన్‌లకి కనపడకుండా దాచే పాలసీలున్నాయి, అవీ పెట్టండి. 2022 దాకా మామూలు యూజర్ కూడా రిజిస్ట్రీలోంచి ఆ లిస్ట్ చదివేయగలిగేవాడు, ఎక్కడ దాక్కోవాలో మనమే రాసిపెట్టినట్టు ఉండేది.

ప్రతి ఎక్స్‌క్లూజన్‌కీ ఒక ఓనర్, ఒక కారణం, ఒక గడువు తేదీ రాయించుకోవడం అలవాటు చేసుకుంటే చాలా తలనొప్పులు పోతాయి, గడువు అయ్యాక ఓనర్ మళ్ళీ అడిగితే మళ్ళీ కొలిచి ఇవ్వొచ్చు. మీ దగ్గర ఇప్పటికే వందల లైన్ల పాత లిస్ట్ ఉండి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే, ఏ మెషీన్ మీదా లేని ఫోల్డర్లు ఏవో మొదట ఏరండి. అప్లికేషన్ ఎప్పుడో తీసేశారు, ఫోల్డర్ పోయింది, ఎక్స్‌క్లూజన్ మాత్రం ఉంది, చూడ్డానికి ఏ హానీ లేనట్టుంటుంది. కానీ సీ రూట్‌లో కొత్త ఫోల్డర్ చేసే పర్మిషన్ మామూలు యూజర్‌కి డిఫాల్ట్‌గా ఉంటుంది, అంటే అదే పేరుతో ఎవరైనా మళ్ళీ ఆ ఫోల్డర్‌ని పుట్టించుకోవచ్చు, పుట్టించినవాడే దానికి ఓనర్, స్కాన్ ఉండదు. వీటిని ఇవాళే తీసేయొచ్చు, ఆపడానికి ఏ అప్లికేషనూ లేదు, ఎందుకు తీశారని ఫోన్ చేసేవాళ్ళూ ఉండరు.